పొరుగు మాట వినని కణాలు

జూన్ 2, సోమవారం

కొవ్వు. ఇంకేముంటుంది. యాభై దాటిన మనిషి, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా డెస్కు ముందు కూచుని ఇతరుల వాక్యాలు దిద్దేవాడు, లిఫ్టు పాడైతే తప్ప మెట్లెక్కనివాడు. ఛాతీ మీద కాస్త కొవ్వు పేరుకోకపోతేనే వింత. వదులు చొక్కాలు నాలుగు కొన్నాను. వదులు చొక్కా వేసుకునే హక్కు నాకు లేదా? ఉంది. మా ఆవిడ మాత్రం ఇదేం వేషం, పరదా కుట్టించుకున్నావా అంది. ఎండలకి అన్నాను.

జూన్ 3

కొవ్వు నొప్పి పెట్టదు.

జూన్ 9, సోమవారం

పత్రికలో నా కాలమ్ వచ్చింది. పొద్దున్నుంచీ ఫోన్లు. సగం తిట్లు, సగం మెచ్చుకోళ్లు. రెండూ ఇష్టమే నాకు.

మీసాలాయన మా వీధి దాకా పోస్టర్లు అంటించాడు: నీలోని రాజుని నిద్రలేపు. మగటిమి శిబిరమట. చన్నీళ్ల స్నానాలు, బరువులెత్తడం, భార్య ఏదన్నా అడిగితే వెంటనే బదులివ్వకుండా ఉండడం సాధన చేయిస్తాడట. మగ హార్మోను ఒంట్లో రాజట, ఎవరికీ తలొంచదట. వెళ్లినవాళ్లు డబ్బాల్లో పొడి కొనుక్కుని, గడ్డం పైకెత్తుకుని తిరిగొస్తున్నారు. ఒళ్లు మండి రాశాను.

రాజూ లేడు, కిరీటమూ లేదని రాశాను. ఆ హార్మోను తయారుచేసేవి వృషణాల్లో సన్నటి గొట్టాల మధ్య సందుల్లో ఇరుక్కుని బతికే లైడిగ్ కణాలు. సందుల్లో అద్దెకున్నవాళ్లన్నమాట. మెదడు కింది గ్రంథి నుంచి ఆర్డరు వస్తుంది, నిజమే. కానీ ఆ ఆర్డరుకి ఎంత పలకాలి, ఎక్కడ తగ్గాలి అనే సర్దుబాటు పొరుగువాళ్లది. గొట్టం లోపల వీర్యకణాల్ని సాకే సెర్టోలీ కణాలు గోడవతల నుంచి కబురు పంపుతాయి. గొట్టం చుట్టూ ఉన్న కండకణాలు తమ మాట తాము చెబుతాయి. చెత్త ఎత్తే మాక్రోఫేజ్ కణాలు పక్కనే ఆనుకుని కూచుని, మామూలు రోజుల్లో కానీ కానీ అంటాయి, ఒంట్లో రోగముంటే ఇక చాలు ఆపు అంటాయి. లైడిగ్ కణాన్ని ఒంటరిగా తీసి గాజుపళ్లెంలో పెట్టండి, నాలుగు నాళ్లకి దాని పని మందగిస్తుంది. పొరుగు లేకపోతే మీ రాజుకి ఏమీ చేతకాదు. మగతనం అని మీరు ఛాతీ చరుచుకునేది ఒక వాడకట్టు మొత్తం కూడబలుక్కుని చేసే పని.

సంపాదకుడు 'వృషణాలు' తీసేసి 'ఆ భాగం' అని పెడదామన్నాడు, కుటుంబాలు చదివే పత్రిక కదా అని. మధ్యాహ్నమంతా పోట్లాడాను. కుటుంబాలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకుంటున్నారు అని అడిగాను. గెలిచాను.

జూన్ 11

స్నానం చేస్తుంటే సబ్బు చేతికి తగిలింది. ఎడమవైపు. అక్కడ.

జూన్ 12

'అక్కడ' అని రాశాను. మొన్న పత్రికలో లక్షమంది ముందు రాసిన మాటని నా సొంత డైరీలో రాసుకోలేకపోయాను. సరే రాస్తున్నాను. ఎడమ వృషణం. లోపల గట్టిగా ఏదో ఉంది. చింతగింజంత. నొప్పి లేదు. నొప్పి లేకపోతే మంచిదే కదా.

మళ్లీ చూడను. పదేపదే నొక్కి చూస్తే ఏదైనా గట్టిగానే తగులుతుంది.

జూన్ 13

చూశాను. ఉంది.

జూన్ 20, శుక్రవారం

గ్రంథాలయం హాల్లో చర్చ. నేనూ, మీసాలాయనా. కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నించున్నారు. అతని శిష్యులు ముందు రెండు వరసలూ నింపేశారు, అందరి చొక్కాలూ ఒంటికి అతుక్కుని ఉన్నాయి. నాది వదులు చొక్కా. పైన కోటు కూడా వేసుకున్నాను. చెమటకి తడిసిపోయాను.

బాగానే మాట్లాడాను. మగతనమనేది ఒకరికి పెద్దపీట వేయడానికి కుట్టిన వేషమని, కుట్లు విప్పితే లోపల మామూలు భయస్తుడైన మనిషే ఉంటాడని అన్నాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు అతను మైకు అందుకుని, ఏమాత్రం కోపం లేకుండా, పెళ్లిచూపుల్లో పిల్లని అడిగినంత మెత్తగా అడిగాడు.

"ఇంత చదివారు కదా సార్. మీలో ఆ హార్మోను ఎంతుందో ఎప్పుడైనా చూపించుకున్నారా?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ కొలబద్దతో నన్ను నేను కొలుచుకోను అన్నాను. మళ్లీ చప్పట్లు. కూచోగానే మోకాళ్లు వణికాయి. బల్ల కింద కాబట్టి ఎవరికీ కనపడలేదు. అతని కళ్లు నా కోటు మీదే ఉన్నాయనిపించింది. ఊరికే అనిపించి ఉంటుంది.

జూన్ 23, సోమవారం

ఛాతీ పెరగడం గురించి చదివాను. చదవకుండా ఉండాల్సింది. మగవాడి ఒంట్లో ఆడ హార్మోను, ఈస్ట్రోజన్, ఎక్కువైతే ఇలా అవుతుందట. లివరు పాడైనా కావచ్చు, మందుల వల్ల కావచ్చు, ఊరికే కూడా కావచ్చు. ఇంకో కారణం కూడా రాశారు. ఆ పేజీ మూసేశాను.

బామ్మర్ది రక్తపరీక్షల ల్యాబుకి వెళ్లాను. పొద్దున్నే, జనం రాకముందే. వచ్చే కాలమ్ కోసం నామీద నేనే ఒక ప్రయోగం చేసుకుంటున్నానని చెప్పాను. ఆ హాల్లో అన్న మాటకి కట్టుబడి మగ హార్మోను జోలికి పోలేదు. ఆ కొలబద్ద వద్దు. ఒక్క ఈస్ట్రోజన్ చాలన్నాను. పేరు మాత్రం నాది రాయొద్దన్నాను. కంప్యూటరు దగ్గరుండే అమ్మాయి నా కాలమ్ చదువుతుంది, మొన్న హాల్లో కూడా చూశాను.

"సర్లే బావా, అక్క పేరు ఎలాగూ సిస్టంలో ఉంది. థైరాయిడ్‌కి వచ్చింది కదా పోయినేడు. దాంట్లో వేసేస్తా" అన్నాడు. సూది గుచ్చుతూ, బావ రక్తం ఎర్రజెండా రంగులోనే ఉందే అని జోకు. నా వామపక్షం మీద ప్రతిసారీ ఇదే జోకు.

జూన్ 24

నార్మల్.

అంకె పక్కన గడిలో అచ్చయి ఉంది. నార్మల్. బామ్మర్ది ఫోనులో పంపాడు, అంతా ఓకే బావా అని. ఆఫీసు మెట్లు నడిచి ఎక్కాను. కార్టూనిస్టు టీ తాగుతుంటే భుజం మీద చరిచాను, అతని టీ ఒలికింది. కొవ్వే. చెప్పానా లేదా.

జూన్ 30

నార్మల్ అంటే నార్మల్. చింతగింజంతే ఉంది.

జులై 14

ఈమధ్య ఆవిడ పక్కన పడుకుంటే నిద్ర తప్ప ఇంకో ఆలోచన రావడం లేదు. పనెక్కువైంది. ఎన్నికల సీజను.

జులై 22

చింతగింజ అని ఎందుకు రాశానో. ఉసిరికాయ అనాలి. చిన్నది.

నార్మల్ అని రిపోర్టు ఉంది నా దగ్గర.

ఆగస్టు 10, ఆదివారం

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆవిడ డ్రైవింగ్ స్కూలుకి కొత్త కారొచ్చింది. చూద్దువుగాని రా అని ఎక్కించుకుంది. ఇరవై ఏళ్లుగా ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి. పక్క సీట్లో ఎవరు కూచున్నా కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, కానీ పక్కవాడి కాలు ఎక్కడుందో, చెయ్యి ఎక్కడుందో అన్నీ తెలుస్తుంటాయి. బెల్టు పెట్టుకున్నాను. బెల్టు సరిగ్గా ఎడమ ఛాతీ మీదుగా వచ్చింది. ముట్టుకుంటేనే జివ్వుమంటోంది కదా, బొటనవేలు దూర్చి పట్టీని పైకెత్తి పట్టుకున్నాను. మలుపు దగ్గర ఆవిడ బండి పక్కకి తీసి ఆపింది. ఇంజను కట్టేసింది. ఆమె బండి ఆపితే కథ వేరే ఉంటుంది, నాకు తెలుసు.

"బెల్టెందుకు ఎత్తి పట్టుకున్నావు?"

కొత్తది కదా, బిగుతుగా ఉందన్నాను.

అప్పుడు తన ఫోను తీసి నా ఒళ్లో పెట్టింది. తమ్ముడి ల్యాబు నుంచి మెసేజీ. జూన్‌లో మీరు చేయించుకున్న హార్మోను పరీక్ష మళ్లీ చేయించుకునే సమయమైంది, ఆరోగ్యమే మహాభాగ్యం అని కింద ఒక పువ్వు బొమ్మ.

"జూన్‌లో నేను రక్తమిచ్చింది లేదు. నా పేరు మీద ఎవరు ఇచ్చారు?" అంది. మొదట తమ్ముడికి ఫోన్ చేసి తిట్టబోయిందట. తర్వాత వదులు చొక్కాలు గుర్తొచ్చాయట. చెప్తావా, నన్నే చూడమంటావా అంది.

రోడ్డు పక్కన, ఎల్ బోర్డు తగిలించిన కారులో, చెప్పాను. ఛాతీ సంగతి చెప్పాను. ఆగి, రెండోది కూడా చెప్పాను. ఆవిడ అరవలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచి ముందుకే చూసింది.

"ఆడవాళ్లు రొమ్ములో గడ్డల గురించి సిగ్గుపడి దాచుకుని చచ్చిపోతున్నారని నువ్వు రాశావు. ఆ కాలమ్ చదివి నేను ఏడ్చాను. నిన్ను పెళ్లి చేసుకున్నందుకు గర్వపడ్డాను" అంది. ఇండికేటరు వేసి, అద్దం చూసి, బండి తీసింది. నేను పట్టీని ఎత్తి పట్టుకునే ఉన్నాను. ఈసారి బండి ఆపలేదు.

ఆగస్టు 12, మంగళవారం

హార్మోన్ల డాక్టరు. గది చిన్నది. గోడకి గ్రంథుల పటం, కిటికీలో ఎండిపోయిన మొక్క. మొక్కకి నీళ్లు పోసే తీరికలేని మనిషి నాకేం వైద్యం చేస్తుందని లోపల వాదన పెట్టుకున్నాను. భయమేసినప్పుడల్లా ఎవరో ఒకరితో వాదన పెట్టుకుంటాను నేను. ఆ మాట ఆవిడ, అంటే మా ఆవిడ, చెప్పింది. వెయిటింగ్ హాల్లో.

రిపోర్టు ఇచ్చాను. డాక్టరు చూసి, మీ శ్రీమతిదా అంది. నాదే అన్నాను. మళ్లీ చూసింది. పైనున్న పేరూ, లింగం గడీ వేలితో చూపించింది.

"ఈస్ట్రోజన్ మగవాళ్లలోనూ కొంచెం ఉంటుందండీ. ఈ అంకె మీ శ్రీమతికైతే మామూలే. మెషిను ఆడవాళ్ల కొలతతో పోల్చి నార్మల్ అని కొట్టింది. మీకు ఉండాల్సినదానికి ఇది రెండింతల పైనే. మగ హార్మోను, టెస్టోస్టిరోన్, కూడా చూసి ఉంటే ఆడపేరు కింద మగవాడి అంకె వచ్చి, ఆ పూటే ఎవరో ఒకరు ఇదేంటని అడిగేవారు. ఎందుకు చూపించుకోలేదు?"

ఎందుకు చూపించుకోలేదో చెప్పడానికి నోరు తెరిచాను. కొలబద్ద గురించి హాలంతా చప్పట్లు కొట్టిన వాక్యం నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను. నా పక్కన ఆవిడ బ్యాగు జిప్పు తీసి వేస్తోంది, తీసి వేస్తోంది.

మంచం మీద పడుకోబెట్టి చూసింది డాక్టరు. నేను పైకప్పు చూశాను. పైకప్పు మీద నీటి మరక ఉంది. ఎన్నాళ్లయింది గమనించి అని అడిగింది. జూన్ అన్నాను. జూన్, అంది. అంతే. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకి ఎంత సేపు పట్టిందో.

ఆగస్టు 13

స్కానింగ్. చల్లటి జెల్లు. తెర నాకు కనపడకుండా తిప్పుకుంది ఆ అమ్మాయి. మొహం చూద్దామంటే మాస్కు.

ఆగస్టు 14, గురువారం

గడ్డ లైడిగ్ కణాలదే అయి ఉండొచ్చంది డాక్టరు. తీసి పరీక్ష చేస్తేగానీ ఖాయంగా చెప్పలేమంది.

లైడిగ్. నేను రాసిన కణాలే. నవ్వొచ్చింది, నిజంగానే నవ్వాను, ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డాక్టరు కాగితం మీద గొట్టాలు గీసి, వాటి సందుల్లో చుక్కలు పెట్టింది. ఇవి మామూలుగా పక్కనున్నవాటి మాట వింటాయి, మెదడు మాట వింటాయి అంది. ఒక మూల చుక్కలు బాగా దిట్టంగా పెట్టింది. ఇవి వినడం మానేశాయి. వాటంతటవి పెరుగుతున్నాయి, హార్మోను వాటంతటవి చేసుకుంటున్నాయి, చేసింది ఈస్ట్రోజన్‌గా మారి మీ రక్తంలోకి వస్తోంది. దాన్ని చూసి మెదడు, ఇక్కడ సరుకు దండిగా ఉంది కదా అనుకుని ఆర్డర్లు ఆపేసింది. అందుకని కుడివైపు ఏ తప్పూ లేని కణాలు కూడా పని మానేసి కూచున్నాయి.

నాకు వెంటనే ఉపన్యాసం తన్నుకొచ్చింది. అంటే ఇది నియంత లాంటిది కదా డాక్టరుగారూ, ఇరుగుపొరుగుని లెక్కచేయకుండా ఒకడు పెత్తనం మొదలెడితే ఊరు మొత్తం మూగబోయినట్టు...

"కాదండీ. అది కణం. దానికేమీ తెలియదు" అంది. పెన్ను మూత పెట్టింది. "తెలిసినవాళ్లు మీరు. మీరు ఎవరి మాటా వినకుండా రెండు నెలలు కూచున్నారు."

మా ఆవిడ వైపు చూశాను, కాస్త నా తరఫున మాట్లాడుతుందేమోనని. ఆవిడ ఆ బొమ్మనే చూస్తోంది.

ఇలాంటివి ఎక్కువ శాతం ప్రాణానికి ముప్పు లేని మెత్త రకమే, క్యాన్సరై ముదిరి పాకేవి తక్కువేనట. ఆ తక్కువలో మీరు లేరని ఇవాళ నేను చెప్పలేనంది. మొత్తం తీసేయాలి, గడ్డ వరకే గీకితే ప్రమాదం, ఇంత పెరిగాక కుదరదు అంది. జూన్‌లోనైతే అని మొదలెట్టి ఆపేసింది. ఆపకుండా ఉంటే బాగుండేది. ఆ వాక్యం మిగతా సగం నేనే రకరకాలుగా పూర్తి చేసుకుంటున్నాను.

ఆగస్టు 15

జూన్‌లోనైతే.

ఆగస్టు 18, సోమవారం

ఆఫీసుకి సెలవు పెట్టాలి. కారణం గడిలో 'హెర్నియా' అని రాశాను. కొట్టేశాను. 'సొంత పని' అని రాశాను.

ఎవరి మీద కోపగించుకోవాలో తెలియడం లేదు. మీసాలాయన మీద కోపం సులువు. అతను మగతనాన్ని డబ్బాల్లో పెట్టి అమ్ముతాడు. కానీ అతని శిష్యుడెవడైనా నా స్థితిలో ఉంటే ఏం చేసేవాడు? దాచేవాడు. నేనేం చేశాను? అయితే వాడికీ నాకూ తేడా ఏమిటి, వాడు బిగుతు చొక్కా, నేను వదులు చొక్కా. ఇది వాదన కోసం రాయడం లేదు. వాదన అయితే బదులు చెప్పగలిగేవాణ్ణి.

ఆగస్టు 19

బామ్మర్ది వచ్చాడు. గుమ్మంలోనే నించున్నాడు, లోపలికి రాలేదు. అక్క తిట్టిన తిట్లు ఇంకా మొహం మీదే ఉన్నాయి. నువ్వు పేపరు కోసమన్నావు కదా బావా, నేను నమ్మాను కదా అన్నాడు. ఒకటికి నాలుగుసార్లు అదే అన్నాడు. నీ తప్పు లేదురా అన్నాను. ఏడ్చాడు. ఇంత లావు మనిషి. ఎర్రజెండా జోకు వెయ్యమన్నాను, వెయ్యలేకపోయాడు.

సెప్టెంబరు 1, సోమవారం

రేపు ఆపరేషను. ఇవాళ మధ్యాహ్నం అడ్మిట్ అవ్వడానికి వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి పేరడిగింది. చెప్పాను. గట్టిగా చెప్పండి సార్, ఫ్యాను మోత అంది. గట్టిగా చెప్పాను.

వెనక కుర్చీల వరసలో ఒకతను ముందుకు వంగాడు. ముప్పై ఐదుంటాయి, చేతిలో హెల్మెట్. మీరేనా సార్, కణాల గురించి రాసింది అన్నాడు. ఈ క్షణానికే కదా మూడు నెలలుగా భయపడింది. పారిపోవడానికి దారి లేదు, ఒకవైపు కౌంటరు, ఇంకోవైపు మా ఆవిడ.

"నేనే" అన్నాను.

చాలా బాగా రాశారు సార్ అన్నాడు. ఎవర్నన్నా చూడ్డానికొచ్చారా అన్నాడు. ఆవిడ నా మొహం వైపు చూడలేదు, కావాలనే చూడలేదు. నాకే, రేపు ఆపరేషను, ఎడమ వృషణం తీసేస్తారు అన్నాను. వృషణం అన్నాను. గొంతు పీలగా వచ్చింది, కానీ వచ్చింది. అతను హెల్మెట్‌ని ఒళ్లోకి తీసుకున్నాడు. అయ్యో అన్నాడు. నేను మా అన్నయ్య కోసం వచ్చాను సార్, ఆయన బయట పార్కింగులో ఉన్నాడు అన్నాడు.

కాసేపటికి నర్సు లోపలి నుంచి ఒక పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. హెల్మెటతను కిటికీలోంచి పార్కింగు వైపు చూశాడు, నావైపు చూశాడు, లేచి తనే లోపలికి నడిచాడు.

సెప్టెంబరు 4

రాయడం కష్టం. మత్తు. కుట్లు. దగ్గితే ప్రాణం పోతోంది. ఆవిడ కుర్చీలోనే. నవ్వించొద్దని చెప్పాను, నవ్విస్తోంది. ఎడమవైపు ఖాళీ అయింది కదా, ఇకనైనా ఎడమ పక్షం వదిలేస్తావా అంది. వదలను అన్నాను. కుట్లు లాగాయి.

బయాప్సీ రాలేదు.

సెప్టెంబరు 8

రాలేదు.

సెప్టెంబరు 11, గురువారం

వచ్చింది. లైడిగ్ కణాల గడ్డే. పాకినట్టు లేదు. కానీ పరిమాణం నచ్చలేదట వాళ్లకి, కొన్ని కణాలు చీలుతున్న తీరు కూడా నచ్చలేదట. మెత్తదని రాసివ్వలేమన్నారు. ముదురుదని కూడా రాయలేదు. కొన్నేళ్లు స్కానులూ, రక్తాలూ. ఏ గడిలోనూ నార్మల్ అని లేదు.

అంటే ఏమిటని అడిగాను. అంటే చూస్తూ ఉంటామండీ అంది డాక్టరు. కిటికీలో మొక్క మార్చారు.

అక్టోబరు 6, సోమవారం

ల్యాబుకి వెళ్లాను. జనం ఉన్న టైములోనే వెళ్లాను. కంప్యూటరమ్మాయి నమస్తే సార్, మీ కాలమ్ రావడం లేదేంటి అంది. రాయాలమ్మా అన్నాను. మొదటి వాక్యం రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. నన్ను నేను మెచ్చుకోకుండా ఆ సంగతి ఎలా రాయాలో ఇంకా తెలియలేదు.

బామ్మర్ది చేతికి రబ్బరు పట్టీ కట్టి, ఏ పేరు మీద వెయ్యమంటావు బావా అన్నాడు. మాట అనేశాక తనే భయపడ్డాడు. నా పేరు చెప్పాను. లింగం గడిలో ఏది నొక్కాడో వంగి చూశాను కూడా. రెండూ చూడమన్నాను, ఈస్ట్రోజనూ, టెస్టోస్టిరోనూ. ఆ కొలబద్ద కూడా వెయ్యి అన్నాను.

అక్టోబరు 7

ఈస్ట్రోజన్ దిగింది. బెల్టు పెట్టుకుంటే ఇదివరకంత నొప్పి లేదు.

టెస్టోస్టిరోన్ పక్కన ఎర్ర చుక్క. తక్కువ. కుడివైపువి ఇంకా లేవలేదన్నమాట. ఇన్నాళ్లు ఆర్డర్లు లేక మూగబోయినవి, ఒక్కసారిగా లేవవట. లేవకపోవచ్చు కూడానట. గడ్డ మళ్లీ ఎక్కడన్నా మొదలైతే ముందు ఈ అంకెల్లోనే ఏదో ఒకటి కదులుతుందట. ప్రతిసారీ ఆ కాగితం తెరవాలి.

ఆవిడ తెరుస్తానంది. వద్దన్నాను. వంటింటి బల్ల దగ్గర ఆమె నించుని చూస్తుంటే నేనే తెరిచాను. చేతులు వణికాయి. బల్ల పైనే, ఆమెకి కనపడేట్టే.

పైన నా పేరుంది. ఈసారి భయం నా పేరు మీదే వచ్చింది.